గంట పాఠాన్ని గంటగానే ఫోనులోకి ఎక్కించొద్దు: డెల్టా కాలేజీల్లో ఆన్‌లైన్ బోధన

మాస్టారూ, మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డిగ్రీ కాలేజీలో అకౌంటింగ్ చెబుతున్నారు. వచ్చే సెమిస్టర్ నుంచి మీ పేపర్లో 40 శాతం ఆన్‌లైన్‌లో చెప్పమన్నారు. క్లాసులో 60 మంది, అందులో సగం గోదావరి లంక ఊళ్ల పిల్లలు, చెరువుల మీద బతికే ఊళ్ల పిల్లలు. ఉదయం 10కి జూమ్‌లో గంట పాఠం పెడితే 15 మంది వస్తున్నారు. కెమెరా తెరవరు, అడిగితే పలకరు. ఇంటర్నల్ పెడితే అందరివీ ఒకే జవాబు, తప్పుతో సహా. లోపం ఎక్కడుందో, ఎక్కణ్ణించి సరిచేయాలో చెప్పమన్నారు. మీ సైన్సు డిపార్ట్‌మెంటు వాళ్లు ప్రాక్టికల్స్ సంగతి కూడా అడగమన్నారని రాశారు.

లోపం ఆ గంటలోనే ఉంది. బోర్డు దగ్గర మీరు పాఠం నడిపేది ఎదురుగా ఉన్న మొహాలను చూసి. మూడో బెంచీలో కనుబొమలు ముడిపడితే ఒక మెట్టు వెనక్కి వస్తారు. పెన్నులు ఆగిపోతే అదే మాట ఇంకోలా చెబుతారు. వెనక బెంచీలో గుసగుసలు మొదలైతే ఒక లెక్క ఇచ్చి పని పెడతారు. ఇదంతా ఆలోచించి చేసేది కాదు, అలవాటులో జరిగిపోతుంది. ఫోను తెర మీద ఆ మొహాలు ఉండవు. మొహాలు కనపడకుండా గంట మాట్లాడటం మీకు ఎంత కష్టమో, ఎవరూ తనని చూడని గంటంతా వినడం పిల్లలకీ అంతే కష్టం. అందుకే అదే గంటను ఇంకా బాగా చెప్పాలని చూడకండి. దాన్ని విడగొట్టండి. మీరొక్కరే చెప్పగలిగేదాన్ని ముందే రికార్డు చేసి పంపండి. మీరూ పిల్లలూ ఒకేసారి ఉంటే తప్ప జరగని పనిని మాత్రమే లైవ్‌లో పెట్టండి. పోయిన మొహాల స్థానంలో వాళ్ల తప్పు జవాబుల్ని పెట్టుకోండి. అది ఎలాగో కింద రాస్తాను.

ముందు ఆ 40 శాతం అంటే ఏమిటో కాలేజీలో తేల్చుకోండి, రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. 2021 మేలో యూజీసీ బ్లెండెడ్ లెర్నింగ్ మీద ఇచ్చిన కాన్సెప్ట్ నోటులో ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో, మిగతాది తరగతి గదిలో చెప్పవచ్చని ఉంది. అదే ఏడాది వచ్చిన స్వయం (కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) నిబంధనల్లోనూ 40 శాతం ఉంది, కానీ అది సెమిస్టర్‌లో ఉన్న మొత్తం కోర్సుల్లో స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోగలిగిన వాటా. 2016 నిబంధనల్లో ఆ వాటా 20 శాతమే. మీకు వర్తించేది మొదటిది. పేపరుకు 60 గంటలుంటే 24 గంటలు ఆన్‌లైన్, 15 వారాలకు పంచితే వారానికి గంటన్నర పైచిలుకు. అందులో అరగంట రికార్డు పాఠం, 40 నిమిషాలు లైవ్, మిగిలింది పిల్లలు చేతితో చేసే లెక్కలు. అంతకు మించి నింపొద్దు.

మొదటి వారం పాఠం చెప్పకండి, ఒక కాగితం పంచండి. కాగితమే పంచాలి. గూగుల్ ఫారం పెడితే ఫోను ఉన్నవాళ్లే నింపుతారు, మీకు తెలియాల్సింది లేనివాళ్ల సంగతి. ఆరు ప్రశ్నలు చాలు. మీరు వాడే ఫోను ఎవరిది? ఇంట్లో దాన్ని ఎంతమంది వాడతారు? అది మీ చేతికి ఏ వేళకి వస్తుంది? రోజుకి ఎంత డేటా, నెలంతా రీచార్జ్ ఉంటుందా? ఇంట్లో ఎక్కడ కూర్చుంటే సిగ్నల్ అందుతుంది? ఫోనులో ఖాళీ జాగా ఎంత? ఉదయం 10 గంటల క్లాసుకి 15 మందే ఎందుకు వస్తున్నారో మూడో ప్రశ్న చెప్పేస్తుంది. నాన్న చెరువు దగ్గరికో కొబ్బరి దింపుకో వెళ్తే ఫోనూ ఆయనతోనే వెళ్తుంది, దీపాలు పెట్టాకే ఇంటికి వస్తుంది. తల్లి గల్ఫ్‌లో పనిచేస్తున్న ఇంట్లో రాత్రి ఒక వేళ ఆ ఫోను ఆవిడ కాల్ కోసమే ఉండాలి. దాళ్వా కోతల రోజుల్లో, రొయ్యల పట్టుబడి ఉన్న రాత్రుల్లో పిల్లలూ పనికి వెళ్తారు. ఇవి సాకులు కావు. టైమ్‌టేబుల్ వేసేవాళ్లకి తెలిసి ఉండాల్సిన కొలతలు. చాలా క్లాసుల్లో ఈ కాగితాలు చూశాక లైవ్ సమయం రాత్రి ఏడున్నర, ఎనిమిది దగ్గర తేలుతుంది.

రెండో కొలత డేటా. అందరి వీడియో తెరిచి ఉన్న లైవ్ క్లాసు గంటకి అర జీబీ నుంచి జీబీ పైదాకా తింటుంది. రోజుకి జీబీన్నర ప్యాక్ ఉన్న ఇంట్లో మూడు సబ్జెక్టులు లైవ్ పెడితే ఆ రోజుకి ఫోను పని అయిపోయినట్టే. అందుకని ఒక్కో పేపరుకి వారానికి 100 ఎంబీ అని హద్దు గీసుకోండి, లైవ్ కాక. ఇది పిసినారితనం అనిపిస్తుంది కానీ, స్లైడ్లూ గొంతూ ఉన్న పాఠానికి 100 ఎంబీ ధారాళంగా సరిపోతుంది. లెక్క చూడండి. వీడియో 250, గొంతు 64, మొత్తం 314 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకి అన్ని కిలోబిట్లు) రికార్డు చేస్తే పది నిమిషాలకి 23 ఎంబీ పైన కొద్దిగా అవుతుంది. అదే 2,500 కేబీపీఎస్‌లో వదిలేస్తే పది నిమిషాలకి 187 ఎంబీ దాటుతుంది, కదలని స్లైడు మీద కంటికి కనపడే తేడా దాదాపు ఉండదు. గొంతు ఒక్కటే 64 కేబీపీఎస్ మోనోలో పంపితే పది నిమిషాలు 5 ఎంబీ లోపే.

రికార్డింగుకి ఓబీఎస్ స్టూడియో అనే ప్రోగ్రాం చాలు, ఉచితం. సెట్టింగుల్లో అవుట్‌పుట్ సైజు 1280 బై 720, ఫ్రేములు సెకనుకి 10, వీడియో బిట్‌రేటు 250, ఆడియో 64, ఛానెల్ మోనో. లెక్క చేసి చూపించే భాగంలో చెయ్యి కదులుతుంది కాబట్టి అక్కడ వీడియోని 400 చేసి, ఫ్రేములు 15కి పెంచండి. ఫైలు రకం ఎంకేవీ పెట్టండి. కారణం కరెంటు. ఎంపీ4లో తీస్తుండగా కరెంటు పోయి సిస్టం ఆగిపోతే మొత్తం ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీ అయితే ఆగినచోటి దాకా మిగులుతుంది. అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ అనే చోట ఒక్క నొక్కుతో ఎంపీ4 చేసుకోవచ్చు, అర నిమిషం కూడా పట్టదు.

ఒక్కో రికార్డు పది నిమిషాలు దాటొద్దు. దాటితే కోసేయండి. ఒక్క ముక్కకి ఒకే భావం. గంట పాఠంలో హాజరు, నిన్నటి పాఠం గుర్తుచేయడం, బోర్డు తుడవడం, మందలించడం తీసేస్తే అసలు విషయం పాతిక ముప్పై నిమిషాలకి మించదు, కాబట్టి మూడు ముక్కల్లో పడుతుంది.

గొంతు బొమ్మ కన్నా ముఖ్యం. బొమ్మ మసకగా ఉన్నా పిల్లలు ఓర్చుకుంటారు, మాట తెలియకపోతే ఆపేస్తారు. ల్యాప్‌టాప్‌లో ఉన్న మైకు గది మొత్తాన్నీ వింటుంది. ఫోనుతో వచ్చే మామూలు ఇయర్‌ఫోన్ మైకు మీ నోటికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి దానికన్నా నయం. చొక్కా గుండీకి రాసుకోకుండా క్లిప్పుతో పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి, ఆ చప్పుడు మీకు వినపడకపోయినా రికార్డులో గాలి హోరుగా ఉంటుంది. రేకుల కప్పు ఉన్న గదిలో వాన మొదలైతే రికార్డు ఆపేయడమే. చెరువు గట్టు పక్క ఇల్లయితే ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రీ తెల్లవారుజామునా కాబట్టి పగటిపూట తీసుకోండి. పరుపు, బట్టల బీరువా ఉన్న పడకగది ఖాళీ హాలు కన్నా మంచిది, గొంతు గోడలకి తగిలి తిరిగి రాదు.

మీ సబ్జెక్టుకి పెన్ను నడక కనపడాలి. పెన్ టాబ్లెట్ కొంటే మంచిదే, కొనకపోయినా నడుస్తుంది. బల్ల మీద అడుగు ఎత్తున పుస్తకాలు రెండు దొంతులు పెట్టండి, వాటి మీద ఒక చెక్క పలక వేయండి. ఫోను వెనక కెమెరా పలక అంచు బయటికి వచ్చి కిందికి చూసేలా, తెర పైకి ఉండేలా పెట్టండి. కింద తెల్ల కాగితాన్ని టేపుతో అతికించండి, కెమెరాలో పడే మేరకి పెన్సిలుతో చట్రం గీయండి, అది దాటి రాయొద్దు. కిటికీ మీ ఎడమ పక్కన ఉండాలి, ఎడమచేత్తో రాసేవారైతే కుడిపక్కన. లేకపోతే మీ చేతి నీడ మీరు రాసే అంకె మీదే పడుతుంది. బాల్ పెన్ను గీత సన్నం, నల్ల స్కెచ్ పెన్నో లావు ములికి జెల్ పెన్నో వాడండి. ఇక్కడ చాలామందికి తెలియక చెడేది ఒకటుంది: చెయ్యి లోపలికి వచ్చినప్పుడల్లా కెమెరా ఫోకస్ వెతుక్కుంటూ కాగితం మసకబారుతుంది, వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. రికార్డు మొదలుపెట్టేముందు కాగితం మీద ఒక అంకె రాసి, తెర మీద ఆ అంకెని వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకసూ వెలుగూ అక్కడికి బిగుసుకుంటాయి.

స్లైడ్లు మీ మానిటర్ మీద చూసి సంతోషపడకండి. ఫోనులో నిలువుగా పట్టుకుని చూస్తే మొత్తం స్లైడు ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. అక్షరం సైజు 32కి తగ్గొద్దు, స్లైడుకి ఆరు వరుసలు చాలు. తెలుగైతే వరుసల మధ్య ఎడం ఒకటిన్నర ఉంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ఇంకో చిక్కు అను ఫాంట్లది. మన కాలేజీల్లో పాత తెలుగు నోట్సు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను అక్షరాల్లో కొట్టించినవే. ఆ వర్డ్ ఫైలు పిల్లల ఫోనులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా వస్తాయి, వాళ్లేమో ఫైలు పాడైందనుకుని వదిలేస్తారు. తాత్కాలికంగా అయితే ఫాంట్ ఉన్న సిస్టంలోనే పీడీఎఫ్ చేసి పంపండి. శాశ్వతంగా కావాలంటే ఏ ఫోనులోనైనా కనపడే యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, అంకెలు ఒకసారి చదివి చూసుకోవాలి, తప్పులు అక్కడే దొర్లుతాయి.

ఇప్పుడు ఒక వారం పాఠం దగ్గరగా చూద్దాం. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక తీసుకోండి. మొదటి ముక్క ఎనిమిది నిమిషాలు: ఒకే ఖాతాకి వ్యాపారి పుస్తకంలో ఒక నిల్వ, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో నిల్వ ఎందుకుంటాయి. రెండోది పది నిమిషాలు: ఇచ్చినా బ్యాంకుకి రాని చెక్కు, వేసినా వసూలు కాని చెక్కు. మూడోది చేతితో ఒక లెక్క. ఆ తర్వాత పిల్లలకి ఒక్కటే లెక్క: అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి. నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులో రూ.12,000. దింపు మేస్త్రికి ఇచ్చిన రూ.3,000 చెక్కు ఇంకా బ్యాంకుకి రాలేదు. కాయలు కొన్నవాళ్లు ఇచ్చిన రూ.2,000 చెక్కు బ్యాంకులో వేశాడు, వసూలు కాలేదు. బ్యాంకు చార్జీలు రూ.150 పట్టుకుంది, అది ఇతని పుస్తకంలో లేదు. పాస్‌బుక్‌లో నిల్వ ఎంత?

జవాబు 12,850. కానీ మీకు పనికొచ్చేది మిగతా జవాబులు. 13,150 వస్తే చార్జీల్ని తీసేయకుండా కలిపాడు. 16,850 వస్తే వసూలు కాని చెక్కుని కలిపాడు. 6,850 వస్తే బ్యాంకుకి రాని చెక్కుని తీసేశాడు, అంటే చెక్కు రాసిన క్షణమే బ్యాంకులో డబ్బు తగ్గిపోతుందనుకుంటున్నాడు. 10,850 వస్తే రెండు చెక్కులూ తిరగబడ్డాయి. 11,150 వస్తే మూడూ తిరగబడ్డాయి: అతనికి పద్ధతి వచ్చు, పాస్‌బుక్ నుంచి మొదలయ్యే లెక్క అనుకుని చేశాడు, ప్రశ్న సరిగ్గా చదవలేదు. ఈ ఐదు అంకెలూ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. గూగుల్ ఫారంలో ఆప్షన్లు ఇవ్వకుండా అంకె వేయమనండి. జవాబులు షీటులోకి వచ్చాక అంకెల వరుసలో సర్దితే ఏ తప్పు ఎందరు చేశారో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. బోర్డు దగ్గర ముడిపడిన కనుబొమలు చూసి గ్రహించేది ఇదే, ఇక్కడ ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, ఎవరో కూడా తెలుస్తుంది. ఏ లెక్క ఇచ్చినా, ఇచ్చే ముందు ఆ లెక్కలో రాగల తప్పు జవాబులు నాలుగైనా మీరు ఊహించి రాసుకోలేకపోతే ఆ లెక్క ఆన్‌లైన్‌కి మంచి లెక్క కాదు, మార్చండి.

ఆ జవాబులే లైవ్‌కి అజెండా. 60 మందిని ఒకేసారి పిలవకండి. మూడు జట్లు చేయండి, జట్టుకి 20 మంది, ఒక్కో జట్టుకి వారానికి ఒక్కసారి 40 నిమిషాలు. ఉచిత జూమ్‌లో సమావేశానికి హద్దు 40 నిమిషాలే కాబట్టి అదీ కలిసొస్తుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే హద్దు గంట. మీకు వారానికి మూడుసార్లు 40 నిమిషాలు అవుతుంది, మోయలేం అనుకుంటే జట్టుని పదిహేను రోజులకి ఒకసారి పిలవండి, అంతేకానీ అరవై మందిని కలపొద్దు. లైవ్‌లో పాఠం చెప్పొద్దు. "6,850 వచ్చినవాళ్లు ఎలా చేశారో చూద్దాం" అని మొదలుపెట్టండి, పేరు చెప్పకుండా.

లైవ్‌లో నిశ్శబ్దానికి సగం కారణం మనమే. ప్రశ్న అడిగి రెండు సెకన్లు ఆగి మనమే జవాబు చెప్పేస్తాం. మన మాట వాళ్లకి చేరడానికి, వాళ్లు ఆలోచించడానికి, మ్యూట్ తీయడానికి పట్టే సమయం అంతకన్నా చాలా ఎక్కువ. మనసులో పదిహేను దాకా లెక్కపెట్టండి. ఇంకో మంచి పద్ధతి: అందరూ చాట్‌లో జవాబు టైపు చేసి, మీరు "పంపండి" అనేదాకా పంపకుండా ఉంచడం. ఒక్కసారిగా ఇరవై జవాబులు పడతాయి, ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు, మొదటిసారి తప్పు చెప్పడానికి సిగ్గుపడే అమ్మాయి కూడా రాస్తుంది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా సరే అనండి. చాట్ చూడటానికి, మాట తెగిపోతే చెప్పడానికి ప్రతిసారీ ఒక విద్యార్థిని సహాయకుడిగా పెట్టుకోండి.

కెమెరా తెరవమని ఒత్తిడి పెట్టకండి. డేటా ఒక్కటే కాదు. ఒకే గదిలో వంట, మంచం, చదువు ఉన్న ఇంట్లోంచి క్లాసు మొత్తానికి కనపడటానికి ఎవరికైనా మొహమాటమే. హాజరు కెమెరాతో కట్టొద్దు, పంపిన లెక్కతో కట్టండి.

పంపిణీలో చిన్న చిన్న తప్పులే పెద్ద నష్టం చేస్తాయి. వాట్సాప్‌లో వీడియోని వీడియోగా పంపితే అది నాణ్యత తగ్గించి పంపుతుంది, మీ అంకెలు చదవడానికి రావు. డాక్యుమెంట్‌గా జోడించి పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనపడేలా) పెట్టి లింకు కూడా ఇవ్వండి, సిగ్నల్ తక్కువైతే నాణ్యత అదే తగ్గించుకుని ఆడుతుంది. గ్రూపులు రెండుండాలి: ఒకదానిలో మీరు మాత్రమే రాసేది, రెండోది సందేహాలకి. ఒకటే గ్రూపయితే పుట్టినరోజు శుభాకాంక్షల కింద మీ నోట్సు పూడిపోతుంది. ప్రతి ఫైలు పేరులో వారం, ముక్క నంబరు ఉండాలి, "వారం 3, ముక్క 2" అని. లైవ్ లింకు ఆ గ్రూపు దాటి ఎక్కడా పెట్టొద్దు. వెయిటింగ్ రూం ఆన్‌లో ఉంచి, తెర పంచుకోవడం మీ ఒక్కరికే ఉండేలా చూడండి. పిల్లల గొంతులున్న లైవ్ రికార్డుని బహిరంగంగా యూట్యూబ్‌లో పెట్టొద్దు.

ఫోనూ డేటా రెండూ లేనివాళ్లు ప్రతి క్లాసులో నలుగురైదుగురు ఉంటారు. కాలేజీ లైబ్రరీలో ఒక సిస్టంలో సెమిస్టర్ పాఠాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టించండి. 24 గంటల పేపరుకి మీ రికార్డులన్నీ కలిపి ఒకటి, ఒకటిన్నర జీబీ. కాలేజీకి వచ్చిన రోజున ఓటీజీ పెన్‌డ్రైవ్‌తో ఫోనులోకి ఎక్కించుకుంటారు, ఇక నెట్ అక్కర్లేదు. ఇది వరదకీ పనికొస్తుంది, నెట్ ఆగిపోయినప్పుడూ పనికొస్తుంది. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. ఆ ఏడాదే జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలు మునిగాయి. ఆన్‌లైన్ కోర్సు రాసుకునేటప్పుడే ఈ రెండింటికీ నియమం రాసి పిల్లలకి ఇవ్వాలి. వరదకి కొలత మన దగ్గరే ఉంది: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండో హెచ్చరిక ఎగరేసిన రోజు నుంచి అది దించిన మూడు రోజుల దాకా ఏ గడువూ లెక్కలోకి రాదని రాసిపెట్టండి. అప్పుడు పడవలో ఏటిగట్టు చేరిన పిల్లాడు గడువు పెంచమని ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

మీ వైపు కరెంటు సంగతి. ఇల్లంతా ఇన్వర్టర్ లేకపోయినా రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకుంటే లైవ్ తెగదు, ల్యాప్‌టాప్‌కి తన బ్యాటరీ ఉంటుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద చదవండి. చాలావాటికి 12 వోల్టులు, 1 లేదా 2 ఆంపియర్లు ఉంటాయి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకి సమానం గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. ఫైబర్ కనెక్షన్‌కి గోడ దగ్గర ఇంకో పెట్టె విడిగా ఉంటే దానికీ సరఫరా కావాలి, రౌటర్ ఒక్కటే వెలిగితే నెట్ రాదు.

భాష గురించి ఒక మాట. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. స్లైడు మీద పదాలు ఇంగ్లీషులో ఉండనివ్వండి, పరీక్షలో వాళ్లు రాయాల్సింది అవే. వివరణ మాత్రం తెలుగులో చెప్పండి. తరగతి గదిలో అర్థం కాని ఇంగ్లీషు వాక్యాన్ని మీ చేతి సైగలు, బోర్డు గీతలు మోసేవి, రికార్డులో ఆ సాయం ఉండదు. గ్రాంథికంగా అనువదించిన పదాల కన్నా మీరు క్లాసులో మాట్లాడే తెలుగే మంచిది.

పరీక్షలకి వద్దాం. ఇంట్లో కూర్చున్న 60 మందిని కాపలా కాయడం మన వల్ల కాదు, కెమెరా పెట్టించినా కాదు. గూగుల్ ఫారంలో క్విజ్‌ని లాక్ చేసే వసతి కాలేజీ అధీనంలో ఉన్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌ల మీదే పనిచేస్తుంది, పిల్లల ఫోన్ల మీద పనిచేయదు. ప్రశ్నల వరుస మార్చడం వల్ల కూడా పెద్దగా లాభం లేదు, జవాబులు వాట్సాప్‌లో ప్రశ్నతో సహా తిరుగుతాయి. చేయగలిగింది, ఎవరి లెక్క వాళ్లదే అయ్యేలా చూడటం. పై లెక్కలో బ్యాంకుకి రాని చెక్కు రూ.3,000 అనకుండా "3,000కి మీ రోల్ నంబరు చివరి రెండంకెల పది రెట్లు కలపండి" అనండి. 47 నంబరు వాడికి చెక్కు 3,470, జవాబు 13,320. మీ షీటులో ఒక నిలువు వరుసలో రోల్ నంబర్లు, పక్క వరుసలో 12,850కి రోల్ నంబరు పది రెట్లు కలిపే సూత్రం వేస్తే కీ తయారు. స్నేహితుడి దగ్గర పద్ధతి అడిగి తెలుసుకుని తన అంకెలతో చేశాడంటే నేర్చుకున్నట్టే, దాన్ని కాపీ అని నేను అనను. కాలేజీలో మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే, అందులో ఒక్కొక్కరికీ వేర్వేరు అంకెలతో లెక్కని తయారుచేసే ప్రశ్న రకం ఉంది, ఈ శ్రమ అదే చేస్తుంది.

దానికి తోడు సెమిస్టర్‌లో ఒక్కసారైనా రెండు నిమిషాల మౌఖికం పెట్టండి. ఫోను కాల్‌లోనే, వీడియో అక్కర్లేదు. అతను పంపిన కాగితం మీ ముందు పెట్టుకుని "ఈ 2,000 ఎందుకు తీసేశావు?" అని ఒక్క ప్రశ్న. అరవై మందికి రెండు గంటలు, మూడు వారాలకి పంచుకోండి. పరీక్షకి గంట గడువు కాకుండా రెండు రాత్రులు కలిసొచ్చేలా 36 గంటలు తెరిచి ఉంచండి, ఫోను ఇంటికి వచ్చే వేళ అందులో తప్పకుండా పడుతుంది.

దిద్దే భారం ముందే లెక్కేసుకోండి, చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. ఒక్కో ఫొటో కాగితానికి ఐదు నిమిషాలనుకున్నా 60 మందికి ఐదు గంటలు. ప్రతి వారం అది సాగదు. మూడు వారాలు అంకె జవాబులు షీటుతో, నాలుగో వారం కాగితం చేతితో దిద్దండి. కాగితాలు విడివిడి ఫొటోలుగా తీసుకోకండి. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ నొక్కితే పేజీలన్నీ ఒకే పీడీఎఫ్ అవుతాయి, ఎలా చేయాలో తరగతి గదిలో ఒకసారి చేయించి చూపండి. ఫైలు పేరు రోల్ నంబరుతో మొదలవ్వాలి, లేకపోతే "స్కాన్ 1"లు అరవై వస్తాయి. ఇక, మొదటిసారి పది నిమిషాల మంచి రికార్డుకి స్లైడ్లతో కలిపి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఈ పనిని వర్క్‌లోడ్‌లో చూపించమని ప్రిన్సిపాల్ గారిని సెమిస్టర్ మొదలవకముందే రాతపూర్వకంగా అడగండి, మధ్యలో అడిగితే ఫిర్యాదులా ఉంటుంది. అన్నీ మీరే తీయనక్కర్లేదు కూడా. స్వయంలోనో, ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటెల్‌లోనో మంచి పాఠం ఉంటే దాని లింకు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా చూడాలో రాసి ఇవ్వండి. లెక్కలు మాత్రం మీవే ఉండాలి.

సైన్సు వాళ్ల ప్రాక్టికల్స్‌ని ఆన్‌లైన్‌లోకి తేవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ 40 శాతం థియరీలోంచి తీసుకుని, ఆదా అయిన తరగతి గంటల్ని ల్యాబుకి ఇవ్వండి. ల్యాబుకి ముందు చేయాల్సింది మాత్రం ఆన్‌లైన్‌లో బాగా కుదురుతుంది. కేంద్ర విద్యాశాఖ వారి వర్చువల్ ల్యాబ్స్‌లో ప్రయోగాన్ని ఒకసారి నడిపి చూడటం, పరికరం ఫొటో మీద భాగాలు గుర్తించడం, మీరిచ్చిన రీడింగులతో లెక్క కట్టి గ్రాఫు గీయడం. బ్యూరెట్‌లో చివరి చుక్క దగ్గర చెయ్యి ఆపడం మాత్రం తెర మీద రాదు, దానికి బల్ల దగ్గర నిలబడాల్సిందే.

చివరగా రానివాళ్ల సంగతి. ప్రతి శనివారం షీటులో రెండు వారాలు వరుసగా ఏ లెక్కా పంపని రోల్ నంబర్లు వేరు చేయండి, ఏడెనిమిది ఉంటాయి. మెసేజ్ పెట్టొద్దు, ఫోను చేయండి, రాత్రి ఏడు దాటాక. ఎత్తేది నాన్నో అమ్మో కావచ్చు. "మీ వాడు క్లాసుకి రావట్లేదు" అని మొదలుపెడితే ఆ రాత్రి ఇంట్లో తిట్లు పడతాయి, మీకు కారణం మాత్రం తెలియదు. "అండీ, నేను కాలేజీ నుంచి మాస్టారుని, పాఠం ఫోనుకి అందుతోందో లేదో కనుక్కుందామని" అనండి. రీచార్జ్ అయిపోయిందా, తెర పగిలిందా, కోతలకి వెళ్తున్నాడా, పాఠమే అర్థం కావట్లేదా అన్నది ఒక నిమిషంలో బయటపడుతుంది. మొదటి మూడింటికీ పెన్‌డ్రైవ్, గడువు పెంపు ఉన్నాయి. నాలుగోదైతే అతన్ని ఈ వారం ఏ జట్టు లైవ్‌కైనా రమ్మని చెప్పి, అతను ఆగిపోయిన లెక్కతోనే మొదలుపెట్టండి.